కాగితం వైపు చుట్టం

కంప్యూటరు మానిటర్ని అందరూ టీవీ వైపు చుట్టమనే అనుకుంటారు. అమ్మేవాళ్లు కలిపే వరసా అదే, కొనేవాళ్లు కలిపే వరసా అదే. దుకాణంలో బారుగా నిలబెట్టిన తెరల మీద రామచిలుకలు ఎగురుతుంటాయి, జలపాతాలు దూకుతుంటాయి, ఎర్రకారొకటి వానలో తడుస్తూ మలుపు తిరుగుతుంటుంది. తీరా ఇంటికి తెచ్చుకున్నాక దాని మీద మనం చూసేదేమిటి? ఆఫీసు ఉత్తరాలు, ఎక్సెల్ లెక్కలు, కరెంటు బిల్లు, పిల్లాడి ప్రాజెక్టు. నాబోటి ప్రూఫులు దిద్దుకునేవాడికైతే పొద్దస్తమానం తెలుగు అక్షరాలే. చిలకని చూసి మోజుపడి తెచ్చుకుంటాం, తెచ్చుకున్నాక దాని మీద చిన్న అక్షరాలు చదువుకుంటూ కూర్చుంటాం.

నా మట్టుకు నాకు బల్ల మీది తెర కాగితం వైపు చుట్టం. ఈ వరస కలుపుకుంటే ఏది కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది. డబ్బా మీద పెద్దపెద్ద అక్షరాలతో అరిచే అంకెలు చాలావరకు నోరు మూసుకుంటాయి. ఒక్క మిల్లీసెకన్లో రంగు మారుతుందట, సెకనుకి 144 సార్లు బొమ్మ మారుతుందట, కాంట్రాస్టు కోట్లకి ఒకటట. మారితే మారనివ్వండి. పేజీలో అక్షరం ఎక్కడికీ పరిగెత్తదు. మామూలు 60 సార్లు దానికి చాలు. 100 ఉంటే పేజీని కిందికి జరిపేటప్పుడు కాస్త నున్నగా జరుగుతుంది, అంతే. వంపు తిరిగిన తెరల గురించి ఇంకా తక్కువ చెప్పుకోవచ్చు. గీత తిన్నగా ఉందో లేదో చూసి బతికేవాడికి వంగిన కాగితం ఎందుకు?

అయితే టీవీ చుట్టరికం ఉత్త పుకారు కాదు, దానికి ఫ్యాక్టరీలోనే సాక్ష్యం ఉంది. ఈ ప్యానెళ్లు ఒక్కొక్కటిగా పుట్టవు. పెద్ద గాజుపలక మీద అన్నీ కలిపి తయారుచేసి, ఆ తర్వాత ముక్కలు కోస్తారు. ఎనిమిదిన్నరో తరం అని పిలిచే ఫ్యాక్టరీల్లో ఆ పలక 2.2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు ఉంటుంది. దాన్నుంచి ఎంత తక్కువ వృథాతో ఎన్ని ముక్కలు వస్తాయన్నదే వాళ్ల వ్యాపారం. టీవీలు 16:9 కొలతకి స్థిరపడ్డాక మానిటర్లూ అదే కొలతకి కోస్తే గిట్టుబాటు. 2008 ప్రాంతం నుంచి ఆ గాలి వీచింది. అంతకు ముందు 16:10 ఉండేది, ఇంకా ముందు చదరానికి దగ్గరగా 5:4 ఉండేది. ఇంటర్నెట్ సెంటర్లలో, బ్యాంకు కౌంటర్లలో మనం చూసిన 17, 19 అంగుళాల తెరలు ఆ జాతివే.

టేపు పెట్టి కొలిస్తే తమాషా బయటపడుతుంది. 5:4 కొలతలో 19 అంగుళాల పాత తెర ఎత్తు 30.1 సెంటీమీటర్లు. 16:9 కొలతలో 24 అంగుళాల కొత్త తెర ఎత్తు 29.9. మూల నుంచి మూలకి అయిదంగుళాలు పెరిగిందని సంబరపడ్డాం గానీ, ఎత్తులో రెండు మిల్లీమీటర్లు పోయాయి. పెరిగినదంతా పక్కలకే. సినిమాకి పక్కలు కావాలి, పేజీకి కావలసింది నిలువు. పైగా 24 అని అమ్మేవి చాలావరకు నిజానికి 23.8 అంగుళాలవి. డబ్బా మీద 60.45 సెంటీమీటర్లని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. దాని ఎత్తు 29.6. ఏ4 కాగితం పొడవేమో 29.7. అంటే విండోస్ పట్టీలూ మెనూలూ అన్నీ తీసేసినా ఒక్క ఏ4 పేజీ అసలు సైజులో అందులో పట్టదు. మనిషికి తగ్గ మంచం దొరక్క కాళ్లు ముడుచుకుని పడుకున్నట్టే ఉంటుంది పేజీ.

అందుకని నేను తెర కన్నా ముందు దాని కాలు చూస్తాను. చవకరకం కాళ్లు ముందుకీ వెనక్కీ వంగుతాయి తప్ప ఇంకేమీ చేయవు. కాస్త డబ్బు పెడితే ఎత్తు తగ్గించుకునే వీలు, తెరని నిలువుగా తిప్పుకునే వీలు రెండూ ఉన్న కాలు వస్తుంది. తిప్పితే అదే 24 అంగుళాలది 53 సెంటీమీటర్ల ఎత్తున నిలబడుతుంది. పేజీ మొత్తం, దాని కింద ఫుట్‌నోట్లు, ఇంకా కింద తర్వాతి పేజీ తల. కాలు బాగోలేకపోతే వెనక 100 మిల్లీమీటర్ల చదరంగా నాలుగు మరరంధ్రాలు ఉన్నాయేమో చూసుకోవాలి. ఉంటే బల్ల అంచుకి బిగించే చేయి తర్వాతయినా కొనుక్కోవచ్చు. ఆ నాలుగు కన్నాలూ లేని తెరని ఎంత చవకగా ఇచ్చినా నేను ముట్టుకోను.

ఇక అక్షరం సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మానిటర్ల గురించి ఎవరు సలహా చెప్పినా ఇంగ్లీషు అక్షరాన్ని మనసులో పెట్టుకునే చెబుతారు.

తెర మీద 12 పాయింట్ల అక్షరమంటే విండోస్ మామూలు లెక్కలో 16 చుక్కల ఎత్తు. ఇంగ్లీషు అక్షరానికి అది ధారాళంగా సరిపోతుంది, చాలా అక్షరాలు నడుము దగ్గరే ఆగిపోతాయి. తెలుగుకి ఆ ఎత్తులోనే, కాస్త అటూ ఇటూగా, మూడంతస్తులు కట్టాలి. పైన గుడో ఎత్వమో, నడుమ అక్షరం, కింద వత్తు. స్త్రీ అన్నా రాష్ట్రం అన్నా వైశిష్ట్యం అన్నా కింద ఒకటి కాదు, రెండేసి వత్తులు. వత్తుకి మిగిలేది అయిదారు చుక్కల ఎత్తు. ఇప్పుడు 'అర్థం'లో థ వత్తునీ 'అర్ధం'లో ధ వత్తునీ పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాని కడుపులో చిన్న బొట్టు ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఆ అయిదారు చుక్కల వత్తు కడుపులో బొట్టుకి దక్కేది ఒక్క చుక్క కూడా కాదు, చుక్కలో ఏ సగమో. దాన్ని కంప్యూటరు బూడిదరంగుతో సరిపెడుతుంది. ప్రూఫు దిద్దేవాడు ఆ బూడిద మరకని చూసి రచయిత పూర్తిగా చెప్పాడో సగమే చెప్పాడో తేల్చాలి! సామర్థ్యం అనే మాటలో అదే థ వత్తు పక్కన య వత్తు కూడా ఇరుక్కుని కూర్చుంటుంది.

అక్షరాలు పదును తేలడానికి 1998లో మైక్రోసాఫ్ట్ క్లియర్‌టైప్ అనే ఉపాయం ప్రకటించింది. తెర మీది ప్రతి చుక్కా నిజానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు నిలువు పేలికలు. ఒక్కో పేలికనీ విడిగా వాడుకుంటే అడ్డంగా చూసినప్పుడు మూడింతల వివరం దక్కుతుంది. ఇంగ్లీషు నిలువు గీతల లిపి కాబట్టి దానికి బాగా కలిసొచ్చింది. మనది గుండ్రాల లిపి, అంతస్తుల లిపి. మన ఇబ్బంది నిలువులో ఉంది. ఆ ఉపాయం మొదటి రూపంలో నిలువుకి చేసిన సాయం ఏమీ లేదు. 2009లో విండోస్ 7తో వచ్చిన కొత్త పద్ధతిలో నిలువు దిశలోనూ అంచుల్ని నునుపు చేయడం మొదలైంది గానీ, పాత సాఫ్ట్‌వేర్లు పాత పద్ధతినే పట్టుకుని ఉన్నాయి. కాబట్టి తెలుగు చదివేవాడికి కిటుకులు ఆట్టే పనికిరావు. చుక్కలే కావాలి, దగ్గర దగ్గరగా, బోలెడు.

ఎంత దగ్గరగా? 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి 92 చుక్కలు. ఇంట్లో ఉండే లేజర్ ప్రింటరు అంగుళానికి 600 వేస్తుంది, కాగితంతో వియ్యం ఎంత దూరమో చూడండి. ఒక్కో చుక్క 0.28 మిల్లీమీటర్లు. చూపు బాగున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు దాకా రెండు చుక్కల్ని విడదీసి చూడగలదు, అంటే 60 సెంటీమీటర్ల దూరంలో 0.17 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఈ తెరలో చుక్కలు కంటికి తగలకుండా ఉండాలంటే ఇంచుమించు 95 సెంటీమీటర్ల దూరాన కూర్చోవాలి. అంత దూరంలో చుక్కతో పాటు వత్తు కూడా కనిపించదు. 27 అంగుళాల 4కె తెరలో చుక్క 0.16 మిల్లీమీటర్లకి దిగుతుంది, అంగుళానికి 163. అక్కడ థ కడుపులో బొట్టు బొట్టులానే ఉంటుంది. నడుమ క్యూహెచ్‌డీ అని ఒకటి ఉంది, 27 అంగుళాల్లో 2560 అడ్డం, 1440 నిలువు, అంగుళానికి 109.

అన్నిటికన్నా అన్యాయం 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. 24లో ఉన్న ఇరవై లక్షల చుక్కల్నే సాగదీసి పరుస్తారు, అంగుళానికి 82. దూరం నుంచి టీవీలా చూస్తే ఏ లోటూ లేదు. దగ్గర కూర్చుని చదివితే అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. దుకాణాల్లో ఎక్కువగా అంటగట్టేది ఇదే, చూపులకి పెద్దది, ధరకి చిన్నది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, ఈ సంగతులన్నీ ఒక్క చోట తేల్చుకోవడానికి మంచి జాగా. నేను పెన్‌డ్రైవ్‌లో ఒక పీడీఎఫ్ వేసుకుని వెళ్లాను. గౌతమి, నిర్మల, పోతన, అను, నాలుగు ఫాంట్లలో ఒకే పేరా, కింద పలచటి గీతలు, చివర ఖాళీ తెల్లపేజీ ఒకటి.

"గేమింగ్‌కా సార్, ఆఫీసుకా?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

"చదువుకోడానికి."

"చదువుకోడానికైతే ట్యాబ్ తీస్కోండి సార్, మానిటరెందుకు?" అని నవ్వి, "ఇది చూడండి, ఇరవై ఏడు, ఐపీఎస్, వంద హెర్ట్జ్. ఇంకేం గావాలె?" అంటూ చిలక ఎగురుతున్న తెరని నావైపు తిప్పాడు.

పెన్‌డ్రైవ్ చేతికిచ్చాను. చిలక మాయమై పేరా వచ్చింది. ఆ కుర్రాడు తెలుగు పేజీని ఆ తెర మీద ఎప్పుడూ చూసినట్టు లేడు. కాసేపు వంగి చదివి, తనే పక్కనున్న క్యూహెచ్‌డీకి తీగ మార్చాడు. "దీంట్ల జర సాఫ్ ఉన్నది సార్" అన్నాడు. అంతకన్నా పదునైన సమీక్ష నేనెక్కడా చదవలేదు. చివరి తెల్లపేజీ చచ్చిన చుక్కల కోసం. తెల్లటి కాగితం మీద ఒక చుక్క నల్లగా నిలిచిపోతే ఆటలాడేవాడికి కనబడదేమో గానీ, నా కంటికి అది ఫుల్‌స్టాపు. ఒకటి రెండు చుక్కలకి వారంటీలో తెర మార్చి ఇవ్వని కంపెనీలే ఎక్కువ కాబట్టి, ఆ పరీక్ష బిల్లు కొట్టకముందే జరగాలి.

అదే భవనంలో కంపెనీల పాత సరుకు అమ్మే కొట్లున్నాయి. అక్కడ 16:10 తెరలు, 1920కి 1200 చుక్కలవి, నిలువుగా తిరిగే కాళ్లతో సహా ఇంకా దొరుకుతాయి. 24 అంగుళాలే అయినా ఎత్తు 32.3 సెంటీమీటర్లు, ఏ4 దర్జాగా పడుతుంది. మనసు లాగింది. కానీ వెనక వెలిగే దీపాలు ఏళ్లు గడిచేకొద్దీ మసకబారతాయి, తెలుపు పసుపుకి తిరుగుతుంది, అక్కడ చూసిన వాటిలో చాలా తెరలు ఆ వయసుకి వచ్చేశాయి. డబ్బు ఇరుకుగా ఉన్నవాళ్లకి ఇప్పటికీ నేను ఆ కొట్లే చెబుతాను.

4కెకి డబ్బు పెట్టలేక కాదు నేను క్యూహెచ్‌డీ తెచ్చుకున్నది. పేజ్‌మేకర్ కోసం. 2001లో వచ్చిన ఏడో వెర్షనే దాని ఆఖరిది, అయినా తెలుగు అచ్చు ప్రపంచంలో చాలా పని ఇప్పటికీ అను ఫాంట్లతో అందులోనే నడుస్తోంది. అంత పాత సాఫ్ట్‌వేరుకి 4కె తెర అంటే ఏమిటో తెలియదు. మెనూలు చీమల బారులా అయిపోతాయి, లేకపోతే విండోస్ వాటిని సాగదీసి మసక చేస్తుంది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. హెచ్‌డీఎంఐ 1.4 తీగమార్గం 4కె బొమ్మని సెకనుకి 30 సార్లు మించి పంపలేదు, మౌస్ బాణం వెనకబడి నడుస్తుంది. ఈ రెండు బాధలూ లేనివాళ్లు, కొత్త సాఫ్ట్‌వేరులో యూనికోడులో పనిచేసుకునేవాళ్లు, 27 అంగుళాల 4కె తెచ్చుకుని 150 శాతానికి పెట్టుకుంటే తెలుగుకి అంతకన్నా కావలసింది లేదు.

ప్యానెల్ రకం గురించి పెద్ద గొడవేమీ మిగల్లేదు. ఒకప్పటి టీఎన్ ప్యానెళ్లలో తల కాస్త వంచితే రంగులు తిరగబడేవి, నిలువుగా తిప్పితే ఎడమ కంటికొక తెలుపు, కుడి కంటికొక తెలుపు. 1996లో హిటాచీ బజారుకి తెచ్చిన ఐపీఎస్ పద్ధతి ఆ బాధ తీర్చింది, ఇప్పుడు ఎనిమిది తొమ్మిది వేల తెరలో కూడా అదే వస్తోంది. వీఏ రకంలో నలుపు బాగా నల్లగా ఉంటుంది, చీకట్లో సినిమా చూసేవాళ్లకి మంచిది. ఓఎల్ఈడీలో రంగు పేలికల అమరికే వేరు కాబట్టి చాలా వాటిలో అక్షరాల అంచున రంగు గీతలు తేలతాయి, చదివేవాళ్లకి ఇంకా అనుకూలం కాదు.

కాగితానికీ తెరకీ అసలు తేడా వెలుగులో ఉంది. కాగితం గదిలో వెలుగునే తిరిగి ఇస్తుంది, గది మసకబారితే తనూ మసకబారుతుంది. తెరకి సొంత దీపం ఉంది, దానికి గదితో పనిలేదు. ఆఫీసు బల్ల మీద 500 లక్స్ వెలుగు ఉన్నప్పుడు తెల్లకాగితం నుంచి కంటికి చేరేది 130 నిట్ల లోపే. సాయంత్రం ఇంట్లో ఒక్క ట్యూబ్‌లైటు కింద అందులో సగం కూడా ఉండదు. మానిటరేమో దుకాణంలో చిలకని మెరిపించడానికి 250 నిట్ల దాకా తెరిచి పెట్టి ఉంటుంది. అలాగే ఇంటికొస్తుంది, చాలా ఇళ్లలో అలాగే ఉండిపోతుంది. తెర పక్కన ఒక తెల్లకాగితం పట్టుకుని రెండు తెలుపులూ కలిసేదాకా వెలుగు తగ్గించుకుంటే, నీలికాంతి కళ్లజోళ్ల మీద పెట్టే డబ్బు మిగులుతుంది. ఆ జోళ్లతో కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనబడలేదని 2023లో కాక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ కలిపి చూసి చెప్పింది. కన్ను అలిసేది నీలంవల్ల కన్నా రెప్ప వేయడం మరిచిపోవడంవల్ల.

ఆ రెప్ప సంగతే తెర ఎత్తుని కూడా తేలుస్తుంది. తెర పై అంచు కంటి ఎదురుగా ఉండాలని ఎక్కడ చూసినా రాస్తారు. దానికోసం సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు రెండు తెర కింద దూర్చినవాళ్లని నేనెరుగుదును. కానీ కాగితాన్ని ఎవరైనా కంటి ఎదురుగా పట్టుకుని చదువుతారా? కిందికి చూసి చదువుతాం. కిందికి చూస్తే రెప్ప సగం వాలి ఉంటుంది, కన్ను తొందరగా ఎండదు. నలభై దాటి ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకున్నవాళ్లయితే దగ్గరి చూపు కోసం అద్దం కింది భాగంలోంచి చూడాలి. తెర ఎత్తున ఉంటే గడ్డం పైకెత్తి కూర్చోవాల్సి వస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. నిఘంటువులు తీసేసి బీరువాలో పెట్టుకోవడం మేలు.

చత్వారం అద్దాలు పేపరు పట్టుకునే దూరానికి, అంటే 40 సెంటీమీటర్లకి ఇస్తారు. తెర ఉండేది 60, 70 దగ్గర. పూర్తిగా చత్వారం వచ్చిన కంటికి పేపరు దూరానికి +2.50 కావాలంటే 65 సెంటీమీటర్లకి +1.50 చాలు. పేపరు అద్దాలతో తెర చూస్తే అక్షరం అలికినట్టుంటుంది, తెలియకుండానే ముందుకి వంగుతాం. అలా వంగి చూసేవాడికి 4కె అయితేనేం, ఫుల్ హెచ్‌డీ అయితేనేం? అందుకని తెర బల్ల మీద కుదురుకున్నాక టేపు ముక్కు దగ్గర్నుంచి తెర దాకా పట్టి, ఆ అంకె చీటీ మీద రాసుకుని కళ్లద్దాల కొట్టుకి వెళ్లాలి. నా చీటీ చూసి కొట్టాయన, "మరి పేపరు చదవడానికి వేరే జత కావాలండీ" అన్నాడు. రెండు జతలూ చేయించుకున్నాను. రెండూ కలిపినా క్యూహెచ్‌డీకీ 4కెకీ మధ్యనున్న తేడా అంత కాలేదు.